నీటి బరువు

కావలి దాటి సముద్రం వైపు తిరిగితే
ఉప్పుగాలికి తుప్పెక్కిన రేకుల కింద మా రొయ్యల షెడ్డు.
అక్కడ నేను కాటా గుమాస్తాని.
బుట్ట పెడితే అంకె చెబుతాను, అంకె రాస్తాను.
చివరి గ్రాములు మాత్రం రాయను.
"అది నీటి బరువు, కొట్టెయ్"
అన్నాడు మేనేజరు, నేను చేరిన మొదటి రోజున.
ఆరేళ్ళుగా కొట్టేస్తూనే ఉన్నాను.
ఎన్ని బుట్టల నీళ్ళు తాగిందో ఆ రిజిస్టరు!

తెల్లారి నాలుగుంపావుకి వ్యాన్లు
ఇస్కపల్లి నుంచి, తుమ్మలపెంట నుంచి
నిద్ర చాలని ఆడవాళ్ళని దించుతాయి.
గాజులు తీసి కొంగున ముడేసుకుని
క్లోరిన్ నీళ్ళలో కాళ్ళు ముంచి లోపలికి.
మంచులో నానిన ఆ వేళ్ళు, మధ్యాహ్నం,
అన్నం వేడో చల్లనో చెప్పలేవు.
గోడ మీద ఎర్రటి అక్షరాలు: భద్రతే ప్రథమం.
చేతొడుగులు నెలకొక్క జత.

ఆ సోమవారం మేనేజరు చెవిలో ఫోనుతోనే వచ్చి
"అమెరికావాడు సుంకం పెంచాడు, పలక మార్చు" అన్నాడు.
తడిగుడ్డతో పద్దెనిమిది తుడిచాను.
పదిహేను రాశాను.
కిలోకి మూడు రూపాయలు.
చాక్‌పీసు కిర్రుమంది, అంతే.

పెంచలమ్మ చూసింది.
వాళ్ళమ్మ కందుకూరులో పొగాకు గ్రేడింగు చేసి చేసి
దగ్గుతూ పోయిన మనిషి.
కొనే దేశం మారితే ఆ గోడౌనుకి తాళం పడింది,
తాళం ఖరీదు కూడా కూలీల ఖాతాలోనే రాశారని
వాళ్ళింట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"సుంకమంటే ఏందన్నా?"
"ఆ దేశంలో రొయ్యలు పట్టేవాళ్ళని కాపాడేదానికంట."
"మనట్టాంటోళ్ళేనా?"
"అట్టాంటోళ్ళే."
"కాపాడనీ, పాపం.
మరి ఈ గోడకి ఇవతలుండే వాళ్ళ కోసం
సుంకం ఎవురేస్తారు?
పోయినేడు డాలరు లేచిందని లడ్లు పంచినారే,
ఆ దినం నీ చాక్‌పీసు యాడికి బోయింది?"

నా దగ్గర అంకెలే ఉంటాయి.

ఎవరూ అరవలేదు. జెండా లేదు.
తొడుగులు తీసి బల్లల అంచున బోర్లించారు.
నాలుగు టన్నుల వెనామీ, నలభై కౌంటు, మంచు మీద.
మంచు మాత్రం పని ఆపలేదు,
చుక్క చుక్క కాలవలోకి దిగుతూనే ఉంది.
రాత్రికి కంటైనరు కృష్ణపట్నం చేరాలి.
మేనేజరు ముందు కసిరాడు, తర్వాత బతిమాలాడు.
"సుంకం వేసింది నేను కాదు గదమ్మా!"
"మేమూ ఎయ్యలా సామీ."
"నేనూ మునిగిపోతున్నాను" అన్నాడు ఓనరు ఫోనులో.
అబద్ధమనను, ఆయన బాకీలు నాకు తెలుసు.
ఆయన మునగాలంటే చాలా లోతుండాలి,
వీళ్ళకి మోకాలి లోతు చాలు.

రొయ్యకి ఓపిక లేదు.
ఆ షెడ్డులో మొదటిసారి
ఆలస్యం ఆడవాళ్ళ పక్కన నిలబడింది.

తొమ్మిదింటికి పదిహేడు రాయించారు.
తడి ఆరాక చూస్తే, ఆ అంకె కింద
పద్దెనిమిది, బూడిదరంగులో, పోకుండా.

మర్నాడు వ్యాను ఇస్కపల్లి మలుపులో ఆగలేదు.
క్యారేజీ ఊపుతూ పెంచలమ్మ
వెనకద్దంలో చిన్నదైపోయిందని మస్తానమ్మ చెప్పింది.
ఎవరో అరచేత్తో రేకు మీద కొట్టారంట.
ఇంకొకరు. తర్వాత వ్యానంతా.
చెవులు మూసుకుని స్టీరింగు పట్టలేడు గదా డ్రైవరు,
వెనక్కి తిప్పాడు.

ఆ పూట ఆమె బుట్ట నా ముందుకొచ్చింది.
ఇరవైమూడు కిలోల నాలుగు వందలు.
మేనేజరు నా వెనకే ఉన్నాడు, ఊపిరి వినబడుతోంది.
నాలుగు వందలూ రాశాను.
చెయ్యి వణికి ఒక సున్నా గీత దాటింది.

"ఏందన్నా, ఇయ్యాల కళ్ళజోడు తుడిచినావా?"

"తర్వాతి బుట్ట" అన్నాను.